అరసవల్లి పక్కనే ఉన్నా ఎండ చాలలేదు

పండగ బట్టల హడావుడిలో మొదలైంది. కాజాలు కుట్టడానికి కింద కూర్చుంటే, లేవడానికి మిషను స్టాండు పట్టుకోవాల్సి వచ్చేది. ఒక మోకాలు నేలకి ఆనించి, తొడ మీద చెయ్యి వేసి, మూలుగుతూ లేచేదాన్ని. నొప్పి కీళ్లలో కాదు, తొడల్లో, నడుం కింద, పక్కటెముకల్లో. కాలి ముందు ఎముకని వేలితో నొక్కితే ప్రాణం పోయేది.

"మిషను తొక్కి తొక్కి వాతం పట్టేసినాదే, ఆముదం రాసి ఎండల కూకో" అంది మా అత్త. మందుల షాపు నొప్పి బిళ్లలు పూటకి పనిచేసేవి. ఒక డాక్టరు గారు ఎక్స్‌రే చూసి అరుగుదల అన్నారు, నడుముకి బెల్టు రాశారు. దానివల్ల చెమట పొక్కులొచ్చాయి, అంతే.

తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ నన్ను కింద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నారు. నావల్ల కాలేదు. వెంటనే నొప్పి బిళ్లలు ఆపించి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ టెస్టు రాశారు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లాలో ఆ బిళ్లల్ని పప్పుబెల్లాల్లా మింగడమేమిటని కేకలేశారు కూడా. కిడ్నీలు బాగానే ఉన్నాయి. విటమిన్ డి మాత్రం 8. 20 లోపు ఉంటేనే లోపమంటారు. ఎముక గట్టిపడక మెత్తబడిపోతోందట, ఆస్టియోమలేసియా.

ఎండలోకి వెళ్తావా అని అడిగితే నాకు పౌరుషం వచ్చింది. అరసవల్లి పక్కనే మా ఇల్లు. తెల్లారి నడక, ఆదివారం సూర్యనారాయణస్వామి దర్శనం తప్పవు. "లేత ఎండ మనసుకి మంచిదేనమ్మా, ఎముకకి చాలదు" అన్నారావిడ. చర్మంలో డి తయారు కావాలంటే ఎండలోని యూవీ-బి అనే కిరణాలు తగలాలి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు అవి చాలావరకు గాలిలోనే ఇంకిపోతాయి. మన నీడ మనకంటే పొట్టిగా పడే వేళ చేతులూ కాళ్లూ ఎండకి పెట్టాలి. అద్దం కిటికీ వెనక కూర్చుంటే వేడే తప్ప డి రాదు. నల్లటి ఒంటికి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. సరిగ్గా ఆ వేళకే నేను షాపులో ట్యూబులైటు కింద ఉంటాను.

రోజూ తాగే చోడంబలిలో, అదే రాగి అంబలిలో, కాల్షియం బోలెడు, దాన్ని ఒంటికి పట్టించే డి మాత్రం లేదు. కవళ్ల చేపలు, గుడ్డు పచ్చసొన కొంత సాయం చేస్తాయి గానీ ఇంత లోటు వాటితో పూడదు. అందుకే 60,000 యూనిట్ల కేప్సూలు, వారానికొకటి, రెండు నెలలు. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. రోజూ కాల్షియం బిళ్ల. ముందు పక్కటెముకల నొప్పి పోయింది. తొడల్లో బలం రావడానికే చాలా కాలం పట్టింది. ఇప్పుడు స్టాండు ముట్టుకోకుండా లేస్తున్నాను. పదకొండింటికి కాసేపు డాబా ఎక్కుతాను. మే నెలలో మాత్రం ఎక్కను, వడదెబ్బ తగిలితే చూసేదెవరు?

కవిటిలో మా పిన్నికి కిడ్నీ జబ్బు. ఆవిడకి ఈ కేప్సూలు ఒక్కటే సరిపోదు. డిని ఒంటికి పనికొచ్చేలా మార్చే ఆఖరి పని కిడ్నీదే గనక, మార్చేసిన మందునే, కాల్సిట్రియాల్‌ని, వేరుగా ఇస్తారు.

ఈ మధ్య పక్కింటి వదిన నా మందుల చీటీ అడిగింది. ఇవ్వలేదు. అవసరం లేకుండా నెలల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు పట్టుకుంటాయి, కిడ్నీలో రాళ్లు కూడా రావచ్చు. ముందు టెస్టు చేయించుకో వదినా అంటే, అంత డబ్బా అని మూతి ముడుచుకుంది. ఆ టెస్టు ఖరీదెక్కువే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.