మాస్టారు తుడిచేసిన బొమ్మ

పదార్థ స్థితుల పాఠం చాలామందికి మూడు గళ్ల బొమ్మగా గుర్తుండిపోతుంది. ఘనపదార్థం గడిలో చుక్కలు దగ్గరగా, ద్రవం గడిలో కాస్త ఎడంగా, వాయువు గడిలో చెల్లాచెదురుగా. మా ఫిజిక్స్ మాస్టారు ఆ బొమ్మను బోర్డు మీద వేసి, మధ్య గడిని డస్టరుతో తుడిచేశారు. "ఇది తప్పు. కణాలు నిజంగా ఏం చేస్తున్నాయో ఆలోచించి మళ్లీ వేయండి" అన్నారు.

ద్రవంలోనూ కణాలు దాదాపు ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఘనపదార్థంలో ఒక్కో కణం తన చోటనే ఉండి కంపిస్తుంది. ద్రవంలో ఆ చోటు వదిలి పక్కవాటి సందుల్లోంచి జారిపోగలదు. మంచు కరిగితే వచ్చే నీరైతే ఇంకా తక్కువ చోటే ఆక్రమిస్తుంది. దూరం నిజంగా పెరిగేది ఆవిరయ్యేటప్పుడు. మామూలు వాతావరణ పీడనంలో, 100 డిగ్రీల దగ్గర, లీటరు నీరు 1,600 లీటర్లకు పైగా ఆవిరవుతుంది. దానికి ఘనమూలం కట్టించి, అణువుల మధ్య సగటు దూరం సుమారు 12 రెట్లు పెరుగుతుందని మా చేతే రాబట్టించారు.

తర్వాత సూది లేని సిరంజిలు ఇచ్చి, మూతిని వేలితో మూసి నొక్కమన్నారు. గాలి ఉన్నప్పుడు పిస్టన్ దిగింది, వదిలితే వెనక్కి వచ్చింది. నీరు నింపాక ఎంత బలం పెట్టినా కదల్లేదు. దగ్గరకు జరగడానికి వాయువులో ఖాళీ ఉంది, ద్రవంలో లేదు. ఈ తేడా నాకు పుస్తకంలో కన్నా ముందు నా బొటనవేలికి తెలిసింది.

పిస్టన్‌ను వెనక్కి తోసేది గాలి అణువుల దెబ్బలే. వాయువు ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుందన్న నియమాన్ని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. కణాల తాకిడితో దానికి కారణం చెప్పినవాడు డేనియల్ బెర్నౌలీ, 1738లో. ఉష్ణోగ్రత మారకపోతే అణువుల వేగం మారదు, వాటి సంఖ్యా మారదు. చోటు సగమైంది కనుక గోడకు తగిలే దెబ్బలు రెట్టింపవుతాయి. అంతే.

ఉష్ణోగ్రత దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. మూసిన పాత్రలోని వాయువును 27 డిగ్రీల సెల్సియస్ నుంచి 54కు వేడిచేస్తే పీడనం 9 శాతమే పెరుగుతుంది. ఎందుకంటే లెక్క మొదలయ్యేది మైనస్ 273 డిగ్రీల నుంచి. ఆ కొలతలో 27 అంటే సుమారు 300 కెల్విన్లు. పీడనం రెట్టింపు కావాలంటే 327 డిగ్రీలకు వెళ్లాలి.

మామూలు ఉష్ణోగ్రత వద్ద నైట్రోజన్ అణువులు సగటున సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పోతాయని మాస్టారు చెప్పగానే వెనక బెంచీలోంచి ఒక స్నేహితురాలు లేచింది. "అంత వేగమైతే సెంటు సీసా మూత తీయగానే వాసన గది చివరికి చేరాలి కదండీ, ఎందుకు చేరదు?" మాస్టారి ముఖం వెలిగిపోయింది. సరిగ్గా ఈ అభ్యంతరాన్నే డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ లేవనెత్తితే, 1858లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త క్లౌసియస్ జవాబిచ్చాడని చెప్పారు. అణువు తిన్నగా పోలేదు. గాలిలో అది సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు ఇతర అణువులను ఢీకొంటుంది. రెండు ఢీల మధ్య అది పోయే దూరం మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా ఉండదు. ప్రతిసారీ దారి మారుతుంది. గదిలో గాలి కదలికలు వాసనను మోసుకురాకపోతే ఇంకా చాలా ఆలస్యమవుతుంది. వాయువంటే పరుగెత్తే అణువుల గుంపేనన్న సిద్ధాంతాన్ని ఆ అభ్యంతరం కూల్చలేదు, దానికి కొత్త బలం ఇచ్చింది. మా స్నేహితురాలి ప్రశ్నను మాస్టారు బోర్డు మూలన రాసి, ఆ వారమంతా చెరపనివ్వలేదు. ఒక పిల్లకు దక్కగలిగిన అంతకన్నా పెద్ద గౌరవం ఆ బడిలో నేను చూడలేదు.

మంచు కరిగే ప్రయోగంలో అందరం థర్మామీటరు చుట్టూ మూగాం. కింద దీపం వెలుగుతూనే ఉంది, మంచు పూర్తిగా కరిగేదాకా పాదరసం సున్నా దగ్గరే నిలిచింది. ఉష్ణోగ్రత అణువుల సగటు గతిజ శక్తికి, అంటే కదలిక వల్ల వాటికుండే శక్తికి, కొలత. ఇచ్చిన వేడి ఆ సమయంలో వాటి వేగాన్ని పెంచకుండా, వాటి మధ్య పట్టును సడలించడానికి ఖర్చవుతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి. ఆ నీటిని సున్నా నుంచి 100కు తీసుకెళ్లడానికి సుమారు 420. ఆవిరి చేయడానికి మాత్రం దాదాపు 2,260! ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుని ఉంటాయో ఆ చివరి అంకె చెబుతుంది.

పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ మాస్టారు ఒక్క ఫ్లాస్కుతో కలిపేశారు. గుండ్రటి ఫ్లాస్కులో నీరు మరిగించి, దీపం తీసేసి, బిరడా బిగించి, బోర్లించి, పైన చల్లటి నీరు పోశారు. మరగడం ఆగిన నీరు మళ్లీ మరిగింది. లోపలి ఆవిరి చల్లబడి నీరుగా మారడంతో పైనున్న పీడనం పడిపోయింది, తక్కువ ఉష్ణోగ్రతకే బుడగలు నిలదొక్కుకున్నాయి. ఎవరెస్టు శిఖరం మీద నీరు సుమారు 70 డిగ్రీలకే మరగడానికీ కారణం ఇదే.

అయితే పీడనం అన్నీ చేయలేదు. ఈ ముక్క సిలబస్‌లో లేకపోయినా మాస్టారు చివరి క్లాసులో చెప్పారు. ఎంత నొక్కినా లొంగని ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ వంటివాటిని పందొమ్మిదో శతాబ్దంలో శాశ్వత వాయువులన్నారు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత పీడనానికీ ద్రవం కాదని థామస్ ఆండ్రూస్ 1869లో వెల్లడించాడు. ఆ వేడిలో అణువుల పరుగు వాటి ఆకర్షణకు లొంగదు. ఆక్సిజన్‌కు ఆ హద్దు దాదాపు మైనస్ 118 డిగ్రీలు. అందుకే ముందు చల్లబరిచి అణువుల వేగం తగ్గించాలి, నొక్కడం ఆ తర్వాతే పనికొస్తుంది. 1877లో కయ్యెటే, పిక్టే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఆక్సిజన్‌ను ద్రవంగా మార్చగలిగారు.