ఫెలోషిప్ ఫారం తెరవడానికి ఏడాది ముందే

మన ఇళ్లలో చదువుకి ప్లాన్ అంటే పరీక్ష తేదీ, దానికి ముందు కోచింగ్. సమాజ సేవ చూసి ఇచ్చే ఫెలోషిప్‌లకి ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. అమెరికాలో పిల్లలు కాలేజీలో చేరుతున్న తెలుగువాళ్లందరికీ ఇదే చెబుతుంటాను. మొదటి సంవత్సరంలోనే ఒక చోట కుదురుకుని సేవా పని మొదలుపెట్టనివ్వండి.

ట్రూమన్ స్కాలర్‌షిప్‌నే తీసుకోండి. 1975లో అమెరికా కాంగ్రెస్ నెలకొల్పింది. ప్రజాసేవలోకి వెళ్లాలనుకునేవాళ్లకి పై చదువుకి 30,000 డాలర్ల దాకా ఇస్తారు. మామూలుగా మూడో సంవత్సరంలో అప్లై చేయాలి, అదీ కాలేజీ నామినేట్ చేస్తేనే. క్యాంపస్ కాంపాక్ట్ అనే కాలేజీల సంఘం ఇచ్చే న్యూమన్ సివిక్ ఫెలోషిప్‌కైతే కాలేజీ ప్రెసిడెంటో ఛాన్సలరో పేరు పంపాలి. అందుకే కాలేజీ లోపలి గడువు బయటి గడువు కంటే చాలా ముందే అయిపోతుంది. కాలేజీలో ఇలాంటి అప్లికేషన్లు చూసే ఫెలోషిప్ ఆఫీసుని రెండో సంవత్సరంలోనే కలవమనేది అందుకే.

వీసా సంగతి ఇంకా ముందు చూసుకోవాలి. ట్రూమన్‌కి గ్రీన్ కార్డ్ చాలదు, పౌరసత్వం ఉండాలి. ముఖ్యంగా పర్యావరణం మీద పనిచేసేవాళ్లకిచ్చే యుడాల్ స్కాలర్‌షిప్‌కి గ్రీన్ కార్డ్ ఉన్నా సరే. హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల హెచ్-1బి ఉద్యోగ వీసాకి అనుబంధంగా వచ్చే వీసా మీద పెరిగిన పిల్లలకి ఈ రెండు తలుపులూ మూసే ఉంటాయి. ఆ మాట పిల్లలకి మనమే ముందుగా చెప్పాలి. ఆశపెట్టుకున్నాక తెలిస్తే తట్టుకోవడం కష్టం.

మా అమ్మాయి లైబ్రరీలో కొత్తగా వచ్చినవాళ్లకి ఇంగ్లీష్ మాట్లాడడం నేర్పేది. ఇంకో రెండు క్లబ్బుల్లో చేరమని చుట్టాలంతా సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. కొన్ని నెలలకి తనే గమనించింది, పెద్దవాళ్లు క్లాసు సగంలో లేచి వెళ్లిపోతున్నారని. ఆఖరి బస్సు ఆ వేళకే ఉందట. లైబ్రేరియన్‌తో మాట్లాడి క్లాసుని గంట ముందుకి జరిపించింది. నా దృష్టిలో అప్లికేషన్‌లో రాయాల్సింది సరిగ్గా ఇలాంటిదే. ఎన్ని గంటలు పనిచేశారన్నది దాని ముందు చిన్న విషయం.

అయినా రాయడానికి కూర్చుంటే పెన్ను కదల్లేదు. "అమ్మా, ఇది నేనొక్కదాన్నే చేశానని ఎలా రాయను? గొప్పలు చెప్పుకోకూడదని నువ్వే అంటావుగా?" అంది. ఆ సంకోచం మన పెంపకంలోంచి వచ్చిందే, అది పోవాలని నేను కోరుకోను. "గొప్పలొద్దులే. నువ్వేం చూశావు, ఎవరిని అడిగావు, లైబ్రేరియన్ ఏం చేశారు, తర్వాత ఏం మారింది, వరసగా రాయి" అన్నాను. ఆ రాత్రే రెండు పేజీలు రాసింది. అవి నేను దిద్దలేదు. ఆ గొంతు తనదే అయి ఉండాలి.

ఇక సిఫారసు లేఖలు. ట్రూమన్‌కి మూడు కావాలి. ఒక్కటైనా పిల్లల పనిని కళ్లారా చూసినవాళ్లు రాస్తే బాగుంటుంది. కనీసం నెలన్నర ముందు అడగమనండి, చేసిన పనుల వివరం ఒక పేజీ రాసి చేతికివ్వమనండి. అడిగేది మాత్రం పిల్లలే, మనం కాదు.