బిల్లులో పార్టు కంటే లేబరే ఎక్కువ

లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ నా జర్మన్ సెడాన్‌కి అయిన ప్రతి రిపేరు బిల్లునీ దాచి, పార్టు ఎంత, లేబర్ ఎంత అని విడివిడిగా రాసుకుంటాను. కొత్తగా కొన్న కారు కాదు, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. "జర్మన్ కార్లు నమ్మొచ్చా?" అని ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నా ఫైలు చూస్తే అందులో ఇంజిన్ పోయిన బిల్లు లేదు, గేర్‌బాక్స్ పోయిన బిల్లూ లేదు. ఉన్నవన్నీ ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు బుష్‌లు, సెన్సర్లు, వాటి దాకా చేరడానికి మెకానిక్ పట్టిన గంటలు.

థర్మోస్టాట్ హౌసింగ్ సంగతే చెప్తాను. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ భాగం. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడివేడిగా ఏళ్ల తరబడి అందులోంచి తిరిగితే ప్లాస్టిక్ పెళుసుబారి, సన్నటి చీలిక వస్తుంది. కారు కింద మరక కూడా కనపడలేదు, ఎందుకంటే కారిన చుక్క కారినట్టే వేడి ఇంజిన్ మీద ఆవిరైపోయింది. కూలెంట్ తగ్గిందని డాష్‌బోర్డు చెప్పాకే తెలిసింది. ఆ ముక్క తీయాలంటే నా కారులో ముందు ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌కి గాలి పంపే గొట్టాల అమరిక, విప్పాలి. అదంతా విప్పి నాకు చూపించి, "మేడమ్, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, ఈ హోసులు, ఆ గాస్కెట్టు కూడా మార్చేద్దాం. ఆర్నెల్ల తర్వాత ఇవి లీకైతే ఇదే లేబర్ మళ్లీ కట్టాలి" అన్నారు మా మెకానిక్. ముందు బిల్లు పెంచే మాటలాగే వినపడింది. కాగితం మీద వేసి చూస్తే ఆయన చెప్పిందే లాభం. పార్టులన్నీ కలిపినా లేబర్‌లో సగం కాలేదు.

జర్మన్ కార్ల ఖర్చుకు మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది. పార్టు ఎన్నిసార్లు పోయిందన్నదాని కంటే అది ఎక్కడ కూర్చుందన్నదే బిల్లును నిర్ణయిస్తుంది. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్ 2007లో వచ్చింది. వాల్వులను సరైన సమయానికి తెరిపించే దాని టైమింగ్ చెయిన్ ముందు వైపు కాకుండా వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చెయిన్ సాగి శబ్దం మొదలైతే గేర్‌బాక్సో, ఇంజినో కిందికి దించాల్సిందే. ఆడి ఎస్4 పాత 4.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్)లోనూ చెయిన్లు వెనకే. ఇక పోర్షే ఎం96 ఇంజిన్, అంటే 1990ల చివర బాక్స్‌టర్, 911లలో వచ్చినది, దానిలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని చిన్న బేరింగ్ ఉంటుంది. అది విరిగితే మొత్తం ఇంజినే పోయే ప్రమాదం. అందుకే క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దిగుతుంది కాబట్టి, తెలిసిన ఓనర్లు ఆ బేరింగ్ కూడా అప్పుడే మార్పించేస్తారు.

మరి ఇలా ఎందుకు తయారుచేస్తారు? నాకు తోచిన కారణం మొదటి ఓనరు. జర్మనీలో కొత్త కార్లలో దాదాపు మూడింట రెండు వంతులు కంపెనీల పేరు మీదే రిజిస్టరవుతాయి. పెద్ద సెడాన్లలో చాలా భాగం ఉద్యోగులకు ఇచ్చే కంపెనీ కార్లు, మూడేళ్ల లీజు. ఆ ఉద్యోగి కారును చాలాచోట్ల స్పీడ్ లిమిట్ లేని ఆటోబాన్ హైవేల మీద నడుపుతాడు, రైడ్ ఎలా ఉందో చూస్తాడు, ఇంధనం ఎంత తాగుతుందో చూస్తాడు. పదో ఏట ప్లాస్టిక్ పగులుతుందా లేదా అన్నది అతనికి పట్టదు. అక్కడ కొత్త కారుకు టీయూవీ తరహా తప్పనిసరి తనిఖీ కూడా మూడేళ్ల తర్వాతే మొదలవుతుంది, ఆపైన రెండేళ్లకోసారి. కారు రెండో చేతికి వచ్చేసరికి దాని అసలు జీవితం మొదలవుతుంది. ఆ జీవితానికి డబ్బు కట్టేది నాలాంటివాళ్లు.

"లైఫ్‌టైమ్ ఆయిల్" గొడవ కూడా దీనికి చుట్టమే. బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చక్కర్లేదని చాలాకాలం చెప్పాయి. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. ఎవరి మాట వినాలో నాకు సందేహం రాలేదు. ఇంజిన్ ఆయిల్‌దీ అదే వరస. ఫోక్స్‌వ్యాగన్ లాంగ్‌లైఫ్ షెడ్యూలులో 30 వేల కిలోమీటర్లు లేదా రెండేళ్ల దాకా మార్చకుండా నడపొచ్చు. లీజు కంపెనీకి అది సర్వీసు ఖర్చు తగ్గించే ఏర్పాటు. పదిహేనేళ్లు కారు ఉంచుకుందామనుకునే మనిషికి మాత్రం టర్బో బేరింగులు, చెయిన్ టెన్షనర్లు అన్నీ ఆ పాత ఆయిల్ మీదే బతకాలి. నేను అందులో సగం దూరం కూడా పోనివ్వను.

ఎలక్ట్రానిక్స్ గురించి జనం భయపడేంత భయం నాకు లేదు. చిరాకు మాత్రం ఉంది. చాలా మోడళ్లలో బ్యాటరీ మార్చి ఊరుకుంటే కుదరదు. కొత్త బ్యాటరీ పెట్టామని కంప్యూటర్‌కి చెప్పాలి, లేకపోతే పాత బ్యాటరీకి చేసినట్టే చార్జింగ్ చేస్తుంది. ఐదు నిమిషాల పని, కానీ ఆ స్కానర్ ఉన్నవాళ్లే చేయాలి. స్కానర్ లేని షెడ్డులో ఊహ మీద పార్టులు మారుస్తారు, ఒక్కో ఊహకీ బిల్లు మనదే.

నమ్మకం అన్న పేరు అసలు జర్మన్ కార్లకు ఎక్కడినుంచి వచ్చిందంటే, చాలా భాగం మెర్సిడెస్ డబ్ల్యూ123 లాంటి కార్ల నుంచి. 1976 నుంచి 1986 దాకా దాదాపు 27 లక్షలు తయారయ్యాయి. వాటి డీజిల్ ఇంజిన్లు ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినా అరిగేవి కావని ట్యాక్సీవాళ్లే పేరు పెట్టారు. అదే కంపెనీ 1990ల మొదట్లో కొన్ని మోడళ్లలో వేసిన వైరింగ్ మాత్రం వేడికి పొడిపొడిగా రాలిపోయింది, ఇన్సులేషన్‌కి మట్టిలో కలిసిపోయే రకం పదార్థం వాడినందుకు. పాత కీర్తి చూసి కొత్త మోడల్ కొనడం తాతగారి మార్కులు చూపించి మనవడికి సీటు అడగడమే.

కాబట్టి ఏ దేశం కారు అన్నది నేను అడగను, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అని అడుగుతాను. ఒకే షోరూములో పక్కపక్కన నిలబడ్డ రెండు కార్లకి పోలికే ఉండదు. ఫోక్స్‌వ్యాగన్ డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) మీద చైనాలో ఎంత గోల జరిగిందంటే, 2012లో కంపెనీ అక్కడ దాని వారంటీని పదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లకు పెంచింది. మరుసటి ఏడాది 3.84 లక్షల కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. ఇటు చూస్తే బీఎండబ్ల్యూ బీ58 అనే ఆరు సిలిండర్ల ఇంజిన్ 2015లో వచ్చింది. టొయోటా 2019లో సుప్రాను మళ్లీ తెచ్చినప్పుడు అదే ఇంజిన్‌నీ, జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల గేర్‌బాక్స్‌నీ పెట్టుకుంది. టొయోటా కారు కావాలి, జర్మన్ కారు వద్దు అనేవాళ్లకు ఈ సంగతి చెప్తే కాసేపు మాట్లాడరు. (ఆ ఇంజిన్‌లోనూ కూలింగ్ ప్లాస్టిక్ ప్లాస్టిక్కే, అది వేరే విషయం.)

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లను ముంచేది ఇంకొకటి ఉంది. కారు ధర పడిపోతుంది గానీ పార్టుల ధర పడదు. పదేళ్ల కిందటి పెద్ద సెడాన్ ఇవాళ మామూలు హ్యాచ్‌బ్యాక్ ధరకు రావచ్చు. కానీ దాని ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) కంప్రెసర్‌కి, అడాప్టివ్ హెడ్‌లైట్‌కి, నాలుగు డ్యాంపర్లకి, అంటే షాక్ అబ్జార్బర్లకి, ఆ కారు వయసు సంగతి తెలియదు. కొత్త కారుకు ఎంతో దానికీ అంతే. అందుకే రిపేర్ల కోసం పక్కన పెట్టే మొత్తాన్ని నేను కొన్న ధర మీద లెక్కేయను, ఆ కారు కొత్తగా ఉన్నప్పటి ధర మీద లెక్కేస్తాను. మా ఆఫీసులో ఒకతను ఎయిర్ సస్పెన్షన్ ఉన్న వీ8 మీద మనసు పడ్డాడు. నాలుగు ఎయిర్ స్ట్రట్‌లకీ కొటేషన్ తెప్పించుకో, తర్వాత బేరం మాట్లాడు అన్నాను. తెప్పించుకున్నాడు. ఇప్పుడు స్టీల్ స్ప్రింగులున్న నాలుగు సిలిండర్ల కారు వెతుకుతున్నాడు.

ఖర్చు తగ్గించుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది పార్టుల తయారీదారు ఎవరో తెలుసుకోవడం. కార్ల కంపెనీలు చాలా పార్టులు సొంతంగా చేయవు. బాష్, మాలే, మాన్, జాక్స్, లెమ్‌ఫోర్డర్ లాంటివాళ్లు చేసి ఇస్తారు. చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ మార్చినప్పుడు కారు కంపెనీ డబ్బాలో వచ్చేదీ, తయారీదారు సొంత డబ్బాలో వచ్చేదీ పక్కపక్కన పెట్టి చూశాను. పోతపోసిన ఆకారం, అంకెలు అన్నీ ఒకటే, తయారీదారు డబ్బాలోదాని మీద కారు కంపెనీ లోగో ఉండాల్సిన చోట మాత్రం రుద్దేసి ఉంది. ధరలో తేడా మాత్రం చిన్నది కాదు. ఊరూ పేరూ లేని కాపీ జోలికి మాత్రం పోను. కూలెంట్ పార్టుల్లో అసలే పోను.

వచ్చే సర్వీసులో గేర్‌బాక్స్ ఆయిల్ ఉంది. దానితోపాటు ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకున్న మసి తీయించాలి. ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి చల్లే ఇంజిన్లలో వాల్వులను కడగడానికి పెట్రోలు అటు వెళ్లదు, అందుకే అక్కడ మసి గట్టిపడుతుంది. వాల్‌నట్ చిప్పల పొడిని గాలితో కొట్టి దాన్ని రాలగొడతారు. పార్టు ఖర్చు దాదాపు సున్నా. మిగతాదంతా లేబరే.