కేబుళ్లతో ఐదు వారాలు: కొలిచినవి, విన్నవి

మొదటి శనివారం

ఖరీదైన కేబుల్ పెడితే ఇంట్లో పాట నిజంగా మారుతుందా అన్న ప్రశ్న నాకు చాలా ఏళ్లుగా ఉంది. మారుతుందనేవాళ్లు ఎంత గట్టిగా చెబుతారో, మారదనేవాళ్లూ అంతే గట్టిగా చెబుతారు. ఈ నెల స్వయంగా తేల్చుకునే అవకాశం దొరికింది. మిత్రుడొకడు తన సిస్టమ్ సర్దేస్తూ రెండు జతల కేబుళ్లు నా చేతిలో పెట్టి, "నెల రోజులు ఉంచుకో, విని నిజం చెప్పు" అన్నాడు. ఒకటి బొటనవేలంత లావున్న స్పీకర్ కేబుల్. రెండోది మీటరున్నర పొడవున్న ఆర్‌సీఏ కేబుల్, అంటే ఒక పరికరం నుంచి ఇంకోదానికి సిగ్నల్ మోసేది: వెండి పూత పూసిన రాగి పోగులు, రెండు పొరల షీల్డు (బయటి విద్యుత్ గోలని ఆపే లోహపు తొడుగు). రెండూ నేను మామూలుగా కొనే రకం కావు.

నా దగ్గరున్నవి ఒక స్టీరియో యాంప్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక డాక్ (డిజిటల్ పాటని యాంప్‌కి పంపే సిగ్నల్‌గా మార్చే పెట్టె), మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం) ఉన్న టర్న్‌టేబుల్, దానికో విడి ఫోనో ప్రీయాంప్ (ఆ బలహీనమైన సిగ్నల్‌ని పెంచేది). యాంప్ గది మూలన ఉంది కాబట్టి ఒక్కో స్పీకరుకీ 6 మీటర్ల వైరు పడుతుంది. ఇన్నాళ్లూ అక్కడ ఉన్నది సన్నటి 0.5 చదరపు మి.మీ. జంట వైరు.

ముందు ఏ పరీక్షా పెట్టుకోకుండా మార్చి విన్నాను. గొంతు ఒక అడుగు ముందుకొచ్చినట్టుంది, డోలు దెబ్బ బిగువుగా పడుతోంది. నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను. తర్వాత పాత వైరును చుట్ట చుడుతుంటే దాని కొస కంటపడింది. తొడుగు ఒలిచిన చోట రాగి నల్లబడింది, ఒక అంచున పచ్చటి పొడి కట్టింది. యాంప్ వెనక టెర్మినల్ కింద ఆ పోగుల్లో సగమే నలిగిన గుర్తు ఉంది, మిగతావి ఎప్పుడో పక్కకి జారిపోయాయి. ఇంతసేపూ నేను కొత్త కేబుల్‌ని పోల్చింది చెడిపోయిన జాయింట్‌తో.

మూడు సెంటీమీటర్లు కత్తిరిస్తే గానీ గులాబీ ఛాయ మెరుపుతో అసలు రాగి బయటపడలేదు. 12 మి.మీ. మేర ఒలిచి, పోగుల్ని బిగుతుగా మెలిపెట్టి, టెర్మినళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ బిగించాను. ఒక్క పోగు కూడా బయట వేలాడకూడదు, పక్క టెర్మినల్‌కి తగిలితే యాంప్‌కే ముప్పు. మళ్లీ వింటే, ముందుకొచ్చిందనుకున్న ఆ గొంతు చాలావరకు పాత వైరులోనూ వినిపించింది.

మర్నాడు

వినడం పక్కనపెట్టి కొలవడానికి కూర్చున్నాను. ఇంత తక్కువ రెసిస్టెన్స్‌ని మల్టీమీటర్ నేరుగా చూపలేదు. రెండు ప్రోబుల్నీ ఒకదానికొకటి తాకించినా 0.2 ఓమ్ చూపిస్తుంది, నేను కొలవాల్సిన మూడింటిలో రెండు అంతకన్నా తక్కువ. అందుకని కేబుల్ ఒక కొసన రెండు తీగల్నీ కలిపేసి, రెండో కొస నుంచి బెంచ్ పవర్ సప్లైతో సరిగ్గా 1 ఆంపియర్ కరెంటు పంపాను. ఆ కొసలోనే, కరెంటు క్లిప్పుల కన్నా లోపలి వైపున ప్రోబులు ఆనించి వోల్టేజి చూశాను. మీటరు మీద ఎన్ని మిల్లీవోల్టులు కనిపిస్తే అన్ని మిల్లీఓమ్‌లు. లెక్క వేసుకునే పనే లేదు.

పాత 0.5 వైరు: 430. నేను విడిగా తెచ్చిన మామూలు 2.5 చదరపు మి.మీ. రాగి వైరు: 87. మిత్రుడి కేబుల్: 54. పోను, రాను కలిపి 12 మీటర్ల రాగికి ఎంత రావాలో సుమారుగా అంతే వచ్చింది. మిత్రుడి కేబుల్‌లో 4 చదరపు మి.మీ. రాగి ఉంది, మిగతా లావంతా తొడుగు, పైన అల్లిక.

ఈ అంకెలు పాటలో ఎలా కనిపిస్తాయో చూడాలంటే స్పీకర్ ఇంపీడెన్స్, అంటే స్వరాన్ని బట్టి మారే దాని విద్యుత్ నిరోధం, కావాలి. నా స్పీకర్ల వెనక 8 ఓమ్ అని ఉంటుంది గానీ, తయారీదారు ఇచ్చిన గ్రాఫ్‌లో 200 హెర్ట్జ్ దగ్గర 4 ఓమ్‌లకు దిగుతుంది, కింది బేస్ రెజొనెన్స్ (స్పీకర్ తనంతట తానే ఎక్కువగా ఊగే స్వరం) దగ్గర 20 దాకా లేస్తుంది. యాంప్ ఇచ్చే వోల్టేజిలో కొంత కేబుల్ తినేస్తుంది. ఇంపీడెన్స్ తక్కువున్న చోట ఎక్కువ తింటుంది, ఎక్కువున్న చోట తక్కువ. పాత వైరుతో 4 ఓమ్ దగ్గర 0.89 డెసిబెల్, 20 ఓమ్ దగ్గర 0.19 డెసిబెల్ పోతుంది. అంటే స్వరం తీరులోనే 0.7 డెసిబెల్ ఎగుడుదిగుడు. 2.5 వైరుతో అది 0.15కి తగ్గుతుంది, మిత్రుడి కేబుల్‌తో 0.09కి. సన్నటి వైరు నుంచి మామూలు లావు వైరుకి మారితే దక్కేది అరడెసిబెల్ పైమాట. అక్కడి నుంచి ఖరీదైన దానికి మారితే దక్కేది 0.06. నేను తరచూ వాడుకునే కొండగుర్తు ఒకటుంది: పోను, రాను కలిపిన వైరు రెసిస్టెన్స్, స్పీకర్ కనిష్ఠ ఇంపీడెన్స్‌లో 5 శాతం దాటకూడదు. 4 ఓమ్‌కి అది 200 మిల్లీఓమ్‌లు. పాత వైరు దానికి రెట్టింపు దాటింది.

స్కిన్ ఎఫెక్ట్ (ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ కరెంటు తీగ పైపొరకే చేరడం) గురించి కేబుల్ ప్రకటనల్లో చాలా రాస్తారు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ లోతు 0.46 మి.మీ. ఉంటుంది. ఈ మందం వైరులో దాని వల్ల పెరిగేది మహా అయితే పదో ఇరవయ్యో మిల్లీఓమ్‌లు. అది కూడా మన చెవి అంచు దగ్గర.

రెండో శనివారం

తమ్ముణ్ని కూర్చోబెట్టుకుని, ఏ కేబుల్ ఉందో తెలియకుండా విన్నాను. 2.5 వైరు ఒకటి, మిత్రుడి కేబుల్ ఒకటి. పాత వైరుని ఇందులో కలపలేదు, దాని సంగతి మీటరే చెప్పింది.

ఏర్పాటు ఇలా చేసుకున్నాను. ఎడమ స్పీకర్ ఒక్కటే, మోనోలో. రెండు కేబుళ్లనీ స్పీకర్ వైపు శాశ్వతంగా కలిపి ఉంచేశాను. మార్చేది యాంప్ వైపు బనానా ప్లగ్గులు మాత్రమే. అలా చేస్తే మార్పుకి పది సెకన్లు చాలు. ఒక జాగ్రత్త: వాడని కేబుల్ ప్లగ్గులు ఒకదానికొకటి తగిలితే షార్ట్ అవుతుంది, అందుకే వాటికి ప్లాస్టిక్ తొడుగు వేశాం. మార్చేటప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించాలి. నేను యాంప్‌కి వీపు పెట్టి కూర్చున్నాను. తమ్ముడు ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది పెట్టాడు. అదే కేబుల్ మళ్లీ వచ్చినా పీకి పెట్టాల్సిందే, లేకపోతే ప్లగ్గు చప్పుడే జవాబు చెప్పేస్తుంది.

"అన్నా, చెప్పు."

"లావుది."

"నమ్మకంగానా?"

"నమ్మకంగానే."

వాడు ఏమీ అనకుండా రాసుకున్నాడు. అలా 16 సార్లు. చివర్లో కాగితం తిప్పి చూస్తే 9 సరి, 7 తప్పు. "నమ్మకంగానే" అన్నవాటిలో సగం తప్పులు. ఊరికే ఊహించినా సగటున 8 సరిపోతాయి. 16లో 12 సరిగ్గా చెబితేనే అదృష్టం వల్ల జరిగే అవకాశం 4 శాతం లోపుకి దిగుతుంది. నేను ఆ దరిదాపుల్లో లేను. మొదటి రోజు నోట్‌బుక్‌లో రాసుకున్న వాక్యం ఈ రెండు కేబుళ్ల మధ్య తేడా గురించి కాదని ఆ సాయంత్రం ఒప్పుకున్నాను. నాకు అందులో బాధేమీ లేదు, తెలిసినందుకు తేలికగా అనిపించింది.

సన్నటి వైరుకీ 2.5కీ మధ్య కూడా ఇదే పరీక్ష పెడితే 13 సరిగ్గా చెప్పాను. కాకపోతే సన్నటి వైరుతో మొత్తం శబ్దమే కొద్దిగా తగ్గుతుంది, నేను పట్టుకున్నది ఆ తగ్గుదలనే కావచ్చు. స్థాయి సరిచేసి మళ్లీ చేయాలి.

మూడో వారం

ఇక ఆర్‌సీఏ కేబుల్. ముందు డాక్ నుంచి యాంప్‌కి పెట్టాను. ఇది త్వరగా తేలిపోయింది. మల్టీమీటర్ కెపాసిటెన్స్ (తీగకీ షీల్డుకీ మధ్య చార్జి నిలిచే గుణం) రేంజిలో ప్రోబుల సొంత కెపాసిటెన్స్ తీసేసి కొలిస్తే మిత్రుడి కేబుల్ 330 పికోఫారడ్‌లు, నా పాతది, మీటరు పొడవుది, 90. డాక్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ 100 ఓమ్. ఆ రెండూ కలిసి పై స్వరాల కోత మొదలుపెట్టేది 4.8 మెగాహెర్ట్జ్ దగ్గర. పాట 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. రెండు కేబుళ్లతోనూ ఒకే ట్రాక్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి రికార్డు చేసి, ఫూబార్2000 ప్లేయర్‌లోని ఏబీఎక్స్ పరీక్షలో (వినిపించే ఎక్స్ అన్నది ఏనో బీనో పేరు తెలియకుండా చెప్పాలి) విన్నాను. 16లో 7. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో గీసిన రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అదే కేబుల్‌ని టర్న్‌టేబుల్‌కి, ఫోనో ప్రీయాంప్‌కి మధ్య పెట్టాను. మొదటి రికార్డులోనే "స" అక్షరాలు పళ్ల మధ్య నుంచి ఈలలా వచ్చాయి. తాళాల చప్పుడులో పైన ఉండే గాలి పోయింది. సూది మీద దుమ్ము చేరిందేమోనని బ్రష్‌తో తుడిచాను, మార్పు లేదు. పాత కేబుల్ పెడితే తగ్గింది, మళ్లీ ఇది పెడితే వచ్చింది.

దీని మీద మూడు రోజులు ఉన్నాను, ఎందుకంటే ఇక్కడ తేడా ఉంది, కారణం కావాలి. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ లోపల సన్నటి తీగ చుట్టలు ఉంటాయి. నా కార్ట్రిడ్జ్ ఇండక్టెన్స్, అంటే ఆ చుట్టలు కరెంటు మార్పుని అడ్డుకునే గుణం, 500 మిల్లీహెన్రీలు. ఇంత పెద్ద ఇండక్టెన్స్‌కి కేబుల్ కెపాసిటెన్స్ తోడైతే రెండూ కలిసి ఒక రెజొనెన్స్ తయారుచేస్తాయి, అదీ సరిగ్గా వినపడే పరిధిలో. అందుకే తయారీదారు 47 కిలోఓమ్‌ల లోడుతో పాటు 100 నుంచి 200 పికోఫారడ్‌లు అని ప్రత్యేకంగా రాస్తాడు. టోన్‌ఆర్మ్ తీగలు 30, ప్రీయాంప్ లోపల 100, నా పాత కేబుల్ 90: మొత్తం 220. కాస్త ఎక్కువే, అయినా సరే. రెజొనెన్స్ 15 కిలోహెర్ట్జ్ పైన పడుతుంది. మిత్రుడి కేబుల్‌తో మొత్తం 460, రెజొనెన్స్ 10.5 కిలోహెర్ట్జ్‌కి జారిపోతుంది. దాని దగ్గర్లో ఉబ్బు, పైన ఏటవాలు.

టెస్ట్ రికార్డులోని పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన కొలత చప్పుడు) ట్రాక్‌ని రెండింటితోనూ రికార్డు చేసి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర స్థాయి సరిచేసి చూశాను. 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య మిత్రుడి కేబుల్ 2 డెసిబెళ్లు ఎక్కువ, 15 దగ్గర 3 తక్కువ. "స" ఎందుకు గుచ్చుకుందో, తాళాల పై గాలి ఎందుకు పోయిందో ఆ గీతలోనే కనిపించింది. పాటతో చేసిన ఏబీఎక్స్‌లో 16కి 15 సరి.

ఈ నెలంతటిలో ఖరీదైన కేబుల్ తేడా చూపించింది ఈ ఒక్క చోటే, అదీ చెడుగా. కేబుల్‌ని అనడం నా ఉద్దేశం కాదు. అది చక్కగా తయారైన వస్తువు, ప్లగ్గులు గట్టిగా పట్టుకుంటాయి, షీల్డు దట్టంగా ఉంది. అంత దట్టమైన షీల్డు లోపలి తీగకి అంత దగ్గరగా ఉంది కాబట్టే కెపాసిటెన్స్ పెరిగింది. డాక్‌కి ఏ ఇబ్బందీ లేదు, ఫోనోకి సరిపోదు.

నాలుగో వారం

రెండు చిన్న సంగతులు. కేబుళ్లు మారుస్తుంటే ఫోనోలో ఝుమ్మని హమ్ మొదలైంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి గ్రౌండ్ తీగ స్క్రూ కింద నుంచి ఊడి ఉంది. బిగించాక చాలావరకు పోయింది. మిగిలిన కాస్తా, ఆర్‌సీఏ కేబుల్‌ని యాంప్ ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి ఒక అడుగు దూరం జరిపితే పోయింది.

రెండోది కోపం తెప్పించింది. వెనక గదికి స్పీకర్ వైరు ఆన్‌లైన్‌లో తెప్పించాను, పేజీలో "స్వచ్ఛమైన రాగి, 1.5 చదరపు మి.మీ." అని రాసి ఉంది. చుట్ట చేతిలోకి తీసుకోగానే తేలికగా అనిపించింది. ఒక పోగుని బ్లేడుతో గీకితే ఎర్రటి పొర కింద తెల్లగా మెరిసింది. రాగి పూత పూసిన అల్యూమినియం. 1 ఆంపియర్ పెట్టి కొలిస్తే, 5 మీటర్ల జంటకి 118 దగ్గర రావాల్సింది 184 వచ్చింది. చిన్న దూరానికి పనిచేస్తుంది, కాదనను. రాగి అని చెప్పి అమ్మడం మాత్రం మోసమే. తిప్పి పంపేశాను. వైరు వచ్చిన రోజే బ్లేడుతో ఒక పోగు గీకి చూడండి, అరనిమిషం పని.

ఐదో శనివారం

స్పీకర్లకి 2.5 వైరు స్థిరపడింది, గోడ వెంట క్లిప్పులు కొట్టేశాను.

ఫోనో కేబుల్ సొంతంగా చేసుకున్నాను. రాగి అల్లిక ఉన్న 75 ఓమ్ ఆర్‌జీ-59 కోయాక్స్ (నడిమి తీగ చుట్టూ షీల్డు ఉండే కేబుల్), లోపల ఫోమ్ ఇన్సులేషన్ ఉన్న రకం, ఒక్కోటి 70 సెం.మీ. ఫోమ్ వల్ల కెపాసిటెన్స్ తక్కువ, పొడవు తగ్గించడం వల్ల ఇంకా తక్కువ. సోల్డరింగ్‌లో కష్టం నడిమి తీగ దగ్గర కాదు, అల్లిక దగ్గర. ఎక్కువసేపు వేడి పెడితే లోపలి ఫోమ్ కరిగి నడిమి తీగ పక్కకి ఒరిగిపోతుంది. మొదటి ప్లగ్గు అలాగే పాడైంది. రెండోసారి అల్లికని ముందే మెలిపెట్టి, విడిగా కొద్దిగా సోల్డర్ పట్టించి, ప్లగ్గుకి ఆనించి రెండు సెకన్లలో తీసేశాను. ప్లగ్గులతో కలిపి ఎడమది 48, కుడిది 49 పికోఫారడ్‌లు. మొత్తం 178, కార్ట్రిడ్జ్ అడిగిన హద్దు లోపలే. రెజొనెన్స్ 16.9 కిలోహెర్ట్జ్‌కి వెళ్లింది.

సాయంత్రం మిత్రుడు వచ్చాడు. మూడు కేబుళ్లతో చేసిన రికార్డింగులు, పేర్లు చెప్పకుండా వినిపించాను. మధ్యదాన్ని ఆపమని, "ఇందులో స గుచ్చుకుంటోంది రా, ఇది ఏది?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన కేబుల్ తీసుకుని, "డాక్‌కి వాడుకుంటాలే. నీ దగ్గర ఆ కోయాక్స్ ఇంకా మిగిలిందా?" అని అడిగాడు. మీటరున్నర మిగిలింది. వచ్చే ఆదివారం ఇద్దరం కూర్చుని వాడికో జత చేస్తున్నాం.