నిలిచిపోయిన పాత కారు: పెట్రోలు దారి వెంట వెతుకులాట

ఏళ్ల తరబడి కవరు కింద ఉండిపోయిన కారు ఇది. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ ఒక్కటే, ఇంజిన్ తిరిగితే పనిచేసే డయాఫ్రం పంపు (సాగే పలుచటి పొర కదలికతో పెట్రోలు లాగేది), డిక్కీ కింద ఇనుప రేకు ట్యాంకు. పెట్రోలు నడిచే దారిలో ఎలక్ట్రానిక్ భాగమే లేదు. అంటే లోపం ఎక్కడున్నా కంటికో చేతికో దొరికి తీరాలి.

స్టార్టర్ జోలికి వెళ్లకముందే ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొన్ని చుక్కల ఇంజిన్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేశాను. మర్నాడు క్రాంక్ పుల్లీని (ఇంజిన్ షాఫ్టు చివరి చక్రం) పానాతో తిప్పితే ఎక్కడా పట్టేయకుండా తిరిగింది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. పంపు డయాఫ్రం చిరిగి ఉంటే పెట్రోలు కిందికి కారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. అలాంటి ఆయిల్‌తో ఇంజిన్ నడిపితే బేరింగులు పోతాయి. ఇక్కడ ఆ వాసన లేదు. అయినా ఆయిల్ మార్చేశాను.

తర్వాత బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట ట్యాంకు అడుగు బోల్టు వదులు చేసి, పాత పెట్రోలు గాజు సీసాలోకి పట్టాను. డికాక్షన్ రంగు, వార్నిష్ వాసన. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున మరో పొర విడిగా కనిపించింది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. హద్దు దాటాక నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి కిందికి దిగిపోతాయి. తేలికపాటి భాగాలు ఆవిరైపోతాయి, మిగిలింది గాలి తగిలి జిగురుగా మారుతుంది. ఇలాంటి దానిలో కొత్త పెట్రోలు కలిపి గట్టెక్కుదామనుకోవడం వృథా ప్రయాస. మొత్తం తీసేశాను. కాలువలో పారబోయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.

కొత్త పెట్రోలు పోశాక కారు స్టార్టయింది. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచితే, బాగానే ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నీరసించి ఆగిపోయేది. కొంతసేపు వదిలేస్తే ఏమీ జరగనట్టు మళ్లీ అందుకునేది. ప్లగ్గుల్లో స్పార్క్ బలంగా ఉంది కనుక, అనుమానం ఇంధనం మీదే నిలిచింది.

చాలామంది ఇక్కడే కార్బురేటర్ విప్పేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. చెత్త ట్యాంకు నుంచి ముందుకు వస్తుంది. వెనక శుభ్రం కాకుండా కార్బురేటర్ ఎంత కడిగినా మళ్లీ అదే నిండుతుంది. అందుకే ముందు దారిని రెండుగా విడగొట్టాను. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర విప్పి, శుభ్రమైన పెట్రోలు ఉన్న డబ్బాలోకి వేరే గొట్టం పెట్టి, ఇంజిన్ నడిపాను. (కదలని కారుకే ఈ పరీక్ష, ఆ డబ్బాతో రోడ్డెక్కకూడదు.) వేగం పెంచి అలాగే ఉంచినా ఆగలేదు. అంటే పంపు, కార్బురేటర్ పెద్దగా తప్పు చేయడం లేదు. లోపం వెనక ఉంది.

ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినా ఇవే లక్షణాలు వస్తాయి. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేకపోతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. నా కారులో ఆ చప్పుడు లేదు, మూత వదులుగా పెట్టి నడిపినా ఆగిపోయింది.

మిగిలింది గొట్టాలు, ట్యాంకు. వెనకవైపు రబ్బరు గొట్టం బయటికి నిగనిగలాడుతోంది, ఎక్కడా తడి లేదు. విప్పి ఊదితే ఒక వైపు నుంచి గాలి పోతోంది, రెండో వైపు నుంచి ఆగిపోతోంది! బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడుతోంది. పెట్రోలు మెల్లగా పోతే అది పక్కకు ఒదిగి ఉంటుంది, లాగుడు పెరిగితే లేచి దారి మూసేస్తుంది. పంపుకు వెనకవైపు గొట్టాలది ఇంకో చిక్కు: పగులు ఉన్నా బయటికి కారకపోవచ్చు, లోపలికి గాలి పీల్చుకుంటుంది. అందుకని రబ్బరు ముక్కలన్నీ, ఇథనాల్‌ను తట్టుకునే ఎస్ఏఈ జే30 ఆర్9 (ఇంధన గొట్టాల ప్రమాణం) రకంతో మార్చేశాను.

ఆగడం తగ్గింది, పోలేదు. ట్యాంకు దింపి, పెట్రోలు బయటికి వెళ్లే చోట ఉండే జల్లెడ బయటికి తీస్తే దాని మీద మెత్తటి ఎర్రటి తుప్పు పొర. పంపు లాగుతున్నంతసేపూ తుప్పు జల్లెడకు అతుక్కుంటుంది, ఇంజిన్ ఆగగానే రాలిపోతుంది. కాసేపటికి కారు కోలుకోవడంలోని కిటుకు ఇదే.

తుప్పుకు సిట్రిక్ యాసిడ్ ద్రావణం వాడాను. నింపే ముందు ట్యాంకును డిటర్జెంట్ నీళ్లతో బాగా కడగాలి, లేదంటే జిగురు కింద ఉన్న తుప్పును ఆమ్లం తాకదు. తర్వాత ఆమ్లం విరగడానికి బేకింగ్ సోడా నీళ్లు, మంచినీళ్లు, వెంటనే చల్లగాలితో ఆరబెట్టడం. ఇక్కడ ఆలస్యం చేస్తే తడి రేకు కళ్లముందే మళ్లీ ఎర్రబడుతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం, లోపల మండే ఆవిరి మిగిలి ఉంటుంది. దాని దగ్గర వెల్డింగ్, గ్రైండింగ్ వద్దే వద్దు.

అప్పుడు కార్బురేటర్ మూత తీశాను. లోపల పెట్రోలు నిలిచే గిన్నె అడుగున అదే ఎర్రటి దుమ్ము. పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల జెట్లను క్లీనర్‌తో, గాలితో మాత్రమే శుభ్రం చేశాను. ఉక్కు తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై కొలత చెడుతుంది. గిన్నెలో పెట్రోలు మీద తేలే ఇత్తడి ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే బుడగలు రాలేదు, కాబట్టి చిల్లు లేదు. ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోలు ఆపే నీడిల్ వాల్వ్ కొన మీద గాడి పడింది, కొత్తది వేశాను.

ఇప్పుడు కారు ఎత్తు మీద ఆగడం లేదు. పంపుకు ముందు పారదర్శక ఫిల్టర్ ఒకటి పెట్టాను; తుప్పు మళ్లీ వస్తే ముందు అక్కడే కనిపిస్తుంది. ఒక్క లోపం మిగిలింది: యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే క్షణం తడబడుతోంది. ఇంజిన్ ఆపి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ త్రాటిల్ (గాలి దారి తెరిచే రేకు) తిప్పితే పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. ఇక్కడ చుక్కలుగా పడుతోంది. తొక్కగానే అదనపు పెట్రోలు చిమ్మే కార్బురేటర్‌లోని చిన్న పంపు, అంటే యాక్సిలరేటర్ పంపు, డయాఫ్రం గట్టిపడి ఉండాలి. కొత్తది తెప్పిస్తున్నాను.