వాష్ బేసిన్ వెనక సముద్రపు గాజు: ఆరు చదరపుటడుగులు అయ్యాయి

సముద్రపు గాజు అంటే అలలకీ ఇసక్కీ అరిగి నునుపైన పాత సీసా ముక్కలు. వాటిని ఏరి తెచ్చి బాత్రూంలో వాష్ బేసిన్ వెనక గోడకి అతికిస్తున్నాను. రెండడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు గోడ. మొత్తం ఎనిమిది చదరపుటడుగులు. నిన్న రాత్రికి ఆరు అయ్యాయి, గాజు కూడా అయిపోయింది. చదరపుటడుగుకి కిలో దాకా పడుతోంది. 14 నెలల్లో నేను ఏరింది ఆరు కిలోలే, ఇంకో రెండు కావాలి.

ఏరేది ఎక్కువగా విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల మధ్య, జోడుగుళ్లపాలెం వైపు. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకట్రెండు రోజులకి నీళ్లు బాగా వెనక్కి తగ్గుతాయి, అప్పుడు వెళ్లాలి. ఉత్త ఇసకలో వెతికితే దొరకదు, గులకరాళ్లు చారగా పేరుకున్న చోట చూడాలి. గోధుమరంగు, ఆకుపచ్చ, తెలుపు బోలెడు. నీలం ఇన్నాళ్లకి నాలుగే ముక్కలు. ఇంకా మెరుస్తూ, అంచు వేలికి గుచ్చుకునేవి గోడకి పనికిరావు. వాటినీ తెచ్చి చెత్తబుట్టలో వేస్తాను, ఎవరి కాలికీ దిగకూడదు కదా. గాజులోని సోడియం నీళ్లలోకి మెల్లగా కరిగిపోతూ, పైన ఇసక రాపిడి తగులుతూ ఆ మంచులాంటి పొర రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

ఇంటికి తెచ్చాక మూడు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను. ఉప్పు మిగిలితే అతుకు నిలవదు.

పాత టైల్స్ కొట్టేసి, ప్లాస్టర్, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ మేస్త్రి చేశారు. నా డబ్బా చూసి, "ప్రహరీ గోడ మీద గాజు పెంకులు పెట్టాం గానీ, బాత్రూంలో ఎప్పుడూ పెట్టలేదమ్మా" అన్నారు. అయినా ఒక ముక్క తీసుకుని బొటనవేలితో చాలాసేపు నిమిరారు.

ముందు ఒక సిమెంట్ షీట్ ముక్క మీద ట్రయల్ వేశాను. అది వేయకపోయి ఉంటే గోడంతా పాడయ్యేది. సగం బూడిదరంగు అడ్హెసివ్ (టైల్స్ అతికించే జిగురు), సగం తెల్లది. బూడిదరంగు మీద గోధుమ ముక్కలు నల్లబడ్డాయి, తెల్లవి మసిగుడ్డలా అయ్యాయి. తెల్లదాని మీద అవే ముక్కలు లోపల దీపం పెట్టినట్టు ఉన్నాయి. వెలుతురు గాజులోంచి వెళ్లి, వెనక తెలుపుకి తగిలి తిరిగి రావాలి, అసలు కిటుకంతా అదే. కాబట్టి పాలిమర్ కలిసిన తెల్ల టైల్ అడ్హెసివ్ ఒక్కటే వాడండి.

సీసా ముక్కలు వంపుగా ఉంటాయి. ఉబ్బెత్తు వైపు బయటికి పెట్టి, గుంట వైపు అడ్హెసివ్ నిండుగా నింపి నొక్కాలి. గాలి మిగిలితే అక్కడ నల్ల మచ్చ కనిపిస్తుంది. మొదటి రోజు పదకొండు ముక్కలు పీకి మళ్లీ పెట్టాను. గోడ మీద తాపీ గీతలు కూడా గాజులోంచి కనిపిస్తాయి, చదును చేయాలి. మన ఉక్కపోతకి ఫ్యాన్ వేయాలనిపిస్తుంది, కానీ వేస్తే అడ్హెసివ్ పైన పెచ్చు కడుతుంది. అరకిలో చొప్పున కలుపుకుని ఇరవై నిమిషాల్లో వాడేస్తున్నాను. కింద నుంచి పైకి పని, బరువైన ముక్కలకి రాత్రంతా మాస్కింగ్ టేప్.

ముక్కల మధ్య సందుల్లో నింపే గ్రౌట్ దగ్గరే టెన్షన్. గాజు మీది సన్నటి గుంటల్లో గ్రౌట్ దూరిందంటే పాలపొర పట్టేసి వదలదు, ట్రయల్ షీట్‌కి అలాగే అయింది. గోడ మీద మాత్రం ముక్కల ముఖాలకి చిన్న బ్రష్‌తో సీలర్ పూసి, సందుల్లోకి దిగకుండా చూసుకుని, అది ఆరాక గ్రౌట్ వేస్తాను. మిగిలిన రెండు చదరపుటడుగులూ అయ్యాకే, గోడంతా ఒకేసారి.

పోయిన ఆదివారం మా అత్తయ్య నాతో వచ్చి, రాళ్ల సందులోంచి ఒక గుండ్రటి గాజు తీశారు. లేత నీలం కలిసిన ఆకుపచ్చ, ఒళ్లంతా మంచుపొర. అరచేతిలో దొర్లించి, "ఇది గోలీ సోడా గోళీ అమ్మా" అన్నారు. ఎండకి పట్టుకుంటే మధ్యలో చిన్న బుడగ ఒకటి కనిపించింది. మిగతా ముక్కల మందం అర సెంటీమీటరు లోపే, గోళీ అంతకు మూడింతలు. మేస్త్రితో ప్లాస్టర్‌లో సగం మునిగేలా గుంట తీయించాను, కుళాయికి జానెడు పైన. ఇవాళ దాన్ని అత్తయ్యే అతికించారు, టేప్ రేపు పొద్దున తీస్తాం.