జమ్మి చెట్టు దాచిన విల్లు

దసరా సాయంత్రం మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో జరిగే జమ్మి పూజ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సెల్లార్‌లో పిల్లర్‌కు ఒక జమ్మి కొమ్మ కట్టేస్తారు. పక్కన టేబుల్ మీద శ్లోకం జిరాక్స్ కాపీలు, కింద పేర్లు నింపుకోవడానికి గీతలు. వచ్చినవాళ్లు గబగబా పేర్లు రాసి, కాగితం కొమ్మకు గుచ్చి, నాలుగాకులు తెంపి జేబులో వేసుకుని డీజే దగ్గరికి పోతారు. శ్లోకాన్ని పైకి చదివేవాళ్లు ఒక్కరుంటే గొప్ప. తెల్లారి ఆ కొమ్మ కాగితాలతో సహా చెత్త ఆటో ఎక్కుతుంది. ఇంటిల్లిపాది పేర్లు, గోత్రం, దేవుడి మాట, అన్నీ అందులోనే.

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

చదివే ఆ కొద్దిమందీ శత్రువుల దగ్గరే ఆగిపోతారు. ఆఫీసులో అడ్డుపడేవాడు పోవాలి, ప్రమోషన్ రావాలి, అబ్బాయికి వీసా రావాలి. అడగొద్దని నేననను. విజయదశమి నాడు విజయం అడక్క మరేం అడుగుతాం? కానీ నా మనసు ఎప్పుడూ మూడో పాదం దగ్గరే ఉండిపోతుంది. అర్జునుడి విల్లును ఏడాదిపాటు మోసిన చెట్టుకు మనం దణ్ణం పెడుతున్నాం. ఆ ఏడాది ఎలాంటిదో ఎవరికైనా గుర్తుందా?

పాండవులు అజ్ఞాతవాసం కోసం విరాటనగరానికి వచ్చేసరికి ఊరి బయట, శ్మశానం దగ్గర ఈ చెట్టు కనబడింది. ఆయుధాలన్నీ మూటగట్టారు. నకులుడు చెట్టెక్కి కట్టాడు. ఎవరూ దగ్గరికి రాకుండా దానికి ఒక శవాన్ని కూడా వేలాడదీశారు. దారిలో అడిగిన పశువుల కాపరులకు, అది నూట ఎనభై ఏళ్ల మా అమ్మ శవం, ఇలా చెట్టుకు కట్టడం మా కులాచారం అని చెప్పారు. ఖాండవ దహనం నాడు అగ్నిదేవుడు ఇప్పించిన గాండీవం చివరికి జనం ముక్కు మూసుకుని తప్పుకునిపోయే చోట ఉంది. దాన్ని పట్టుకోవలసిన చేతులకేమో గాజులు. బృహన్నల పేరుతో రాజుగారి అమ్మాయికి ఆటపాటలు నేర్పడం ఉద్యోగం.

ఇందులో నన్ను కదిలించేది ఆ దాచడం ఒక్కటే కాదు. కీచకుడు ద్రౌపదిని నిండు సభలో తన్నాడు. గాండీవం ఎక్కడుందో అర్జునుడికి తెలుసు. ఊరి బయటికి నడిస్తే చాలు. వెళ్లలేదు. భీముడు రాత్రిపూట నర్తనశాలలో ఉత్త చేతులతోనే వాణ్ణి చంపాడు తప్ప చెట్టు మీది మూట విప్పలేదు. ఒప్పుకున్న గడువు అలాంటిది. ఒక్క రోజు ముందు దింపినా మళ్లీ పన్నెండేళ్లు అడవి.

ఇక గోగ్రహణం వచ్చింది, కౌరవులు విరాటుడి ఆవులను తోలుకుపోవడానికి వచ్చారు. ఉత్తరకుమారుడి ప్రగల్భాలు మనకు సామెతే అయ్యాయి కాబట్టి ఆ కథ చెప్పను. పారిపోతున్న ఆ కుర్రాణ్ణి జుట్టు పట్టి వెనక్కి తెచ్చి, అర్జునుడు నేరుగా జమ్మి దగ్గరికి రథం తోలించాడు. ఎక్కి దింపమంటే, రాజకుమారుణ్ణి, శవాన్ని ఎలా ముట్టుకోను అన్నాడు ఉత్తరుడు. అవి విల్లులు నాయనా, శవం కాదు, భయపడకు అన్నాడు బృహన్నల. అప్పుడు గాజులు తీశాడు. తెల్లని గుడ్డతో జుట్టు బిగించి కట్టుకున్నాడు. గాండీవానికి నారి ఎక్కించి మోగించాడు. అవతల దుర్యోధనుడు గడువు ఇంకా తీరలేదని వాదిస్తుంటే, అధికమాసాలు లెక్కవేసి పదమూడేళ్ల మీద అయిదు నెలల పన్నెండు రోజులు ఎక్కువే అయ్యాయని తేల్చినవాడు భీష్ముడు.

వానలు పడాలని విరాటపర్వం చదివించే అలవాటు మన పల్లెల్లో ఉంది. నన్నడిగితే ఉద్యోగం పోయిన ఇంట్లో కూడా చదివించాలి.

మా నాన్న ఒక ఫ్యాక్టరీలో టర్నర్, లేత్ మెషిన్ మీద పని. నేను స్కూల్లో ఉండగా అది మూతబడింది. తర్వాత కొన్నేళ్లు ఆయన ఒక బట్టల షాపులో పద్దులు రాశారు. కొలతలు చూసే మైక్రోమీటర్, వెర్నియర్, రెండు మూడు టూల్స్ ఖాకీ గుడ్డలో చుట్టి సజ్జ మీద ఉండేవి. దసరాకు మాత్రం మూట దిగేది. నూనె గుడ్డతో తుడిచి, మైక్రోమీటర్ మరను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పేవారు, ఎక్కడైనా పట్టేస్తోందేమోనని. బొట్టు పెట్టి, శ్లోకం చదివి, మళ్లీ చుట్టి పైన పెట్టేసేవారు. మా ఫీజుల టైంలో ఎవరో వాటిని కొంటామని వచ్చారు. అమ్మ కూడా ఇచ్చేయమంది. ఆయన ఊఁ అనలేదు, ఉఁహూఁ అనలేదు, లేచి సంధ్యావందనానికి వెళ్లిపోయారు. ఆ రోజు నాకు కోపం కూడా వచ్చింది. తర్వాత బాలానగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపు వాళ్లు పిలిస్తే, మరుసటి రోజే ఆ మూట చంకలో పెట్టుకుని బస్సెక్కారు. మా చదువులు, చెల్లెలి పెళ్లి అన్నీ ఆ పనితోనే గడిచాయి.

పూజలు చేస్తే ప్యాకేజీ పెరుగుతుందా అని మాదాపూర్‌లో పనిచేసే మా బంధువుల పిల్లలు నన్ను ఆటపట్టిస్తుంటారు. పెరగొచ్చు, పెరగకపోవచ్చు. ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టిన నెలల్లో, లేఆఫ్ మెయిల్ వచ్చిన రాత్రి, నీకు వచ్చిన విద్యను ఎక్కడ పెట్టుకుంటావు? ఆ టెన్షన్‌లో పక్కవాడి మీద ఏడ్చుకుంటూ పోగొట్టుకుంటావా, అమ్మవారికి అప్పజెప్పి రోజూ తుడిచి పెట్టుకుంటావా? భగవంతుడి మీద నమ్మకం ఉన్నవాడికి చేతకాని రోజులు కూడా లెక్కలోకే వస్తాయి, భీష్ముడి లెక్కలో వచ్చినట్టు. నాకు తెలిసిన భక్తి ఇదే. లాప్‌టాప్‌కు బొట్టు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. పెట్టేముందు ఒక్క క్షణం ఆ విద్య ఇచ్చిన తల్లిని తలుచుకోండి.

ఈసారి శ్లోకం చేత్తో రాయండి. మూడుసార్లు రాయండి, పిల్లల చేత రాయించండి, కథ చెబుతూ రాయించండి. పెద్దవాళ్ల చేతిలో జమ్మి బంగారం పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టాకే అలయ్ బలయ్. పంజరంలో పాలపిట్టను చూపించి పదో పరకో అడిగేవాళ్లకు దయచేసి డబ్బులివ్వకండి, ఎగిరే పిట్టను చూస్తేనే శుభం. కొమ్మలు నరికి తెచ్చే బేరం కూడా మానండి. జమ్మి మన రాష్ట్ర వృక్షం, పైగా నిదానంగా పెరిగే చెట్టు. గుడిలోనో ఊళ్లోనో బతికున్న చెట్టు దగ్గరికి వెళ్లి ప్రదక్షిణ చేసి రాలిన ఆకులు తెచ్చుకున్నా చాలు. కుదిరితే మీ కాంపౌండ్‌లోనే ఒకటి నాటండి. మా అపార్ట్‌మెంట్ కమిటీని అడిగాను. ముళ్ల చెట్టు, పిల్లలకు గుచ్చుకుంటుంది అన్నారు. వచ్చే మీటింగ్‌లో మళ్లీ అడుగుతాను.